దీపం తగ్గింది, మీరూ చూశారా?

లండన్ టవర్ చూడ్డానికి బయల్దేరబోతూ గ్రెగరీ తన భార్య పౌలాకు ఒక నగ ఇస్తాడు. గౌనుకు పెట్టుకునే బ్రోచి. మా అమ్మది, అంతకుముందు వాళ్లమ్మది అంటాడు. పిన్ను వదులుగా ఉంది, బాగు చేయించేదాకా పెట్టుకోవద్దంటూ తనే దాన్ని ఆమె చేతిసంచిలో వేస్తాడు. వేస్తూ వేస్తూ ఒక మాట వదులుతాడు: జాగ్రత్త పౌలా, నీకసలే వస్తువులు పారేసుకునే అలవాటు.

పౌలా తెల్లబోతుంది. నాకా? ఎప్పుడు పారేసుకున్నాను? అబ్బే, చిన్నాచితకా వస్తువులేలే అని అతను తేల్చేస్తాడు. గొంతులో కోపం లేదు, చిరాకు లేదు. జ్వరంతో ఉన్న పిల్లకు నచ్చజెప్పినట్టు మెత్తగా చెబుతాడు. తీరా టవర్‌కు వెళ్లాక సంచిలో ఎంత వెతికినా బ్రోచి కనపడదు. కూర్చున్న చోట ప్రేక్షకుడికి అనుమానం తగులుతుంది. పౌలాకు మాత్రం అతని మీద రాదు, తన మీద తనకే వస్తుంది.

1944లో ఎమ్జీఎం సంస్థ తీసిన ‘గ్యాస్‌లైట్’ సినిమాలోది ఈ సన్నివేశం. దర్శకుడు జార్జ్ క్యూకర్. పౌలాగా ఇంగ్రిడ్ బెర్గ్‌మన్, గ్రెగరీగా చార్లెస్ బోయర్. లెక్కకు ఇది క్రైమ్ సినిమానే. మొదట్లో ఒక హత్య, నడుమ దొరకని నగలు, చివర్లో స్కాట్లాండ్ యార్డ్ అధికారి, అన్నీ ఉన్నాయి. అయినా ఎనభై ఏళ్ల తర్వాత ఎవరూ ఆ హత్య గురించి మాట్లాడుకోవడం లేదు, ఆ కాపురం గురించే మాట్లాడుకుంటున్నారు. ఎదుటిమనిషికి తన కళ్ల మీద, తన జ్ఞాపకం మీద నమ్మకం పోయేలా చేసే హింసకు ఈ సినిమా పేరే పేరైంది. హైదరాబాద్ కౌన్సెలింగ్ గదుల్లోనూ ఆ మాట వాడుతున్నారు. వాడేవాళ్లలో సినిమా చూసినవాళ్లు తక్కువ. చూడాల్సిన సినిమా.

చాలామంది గ్రెగరీని మహా మేధావి కింద జమకడతారు. నాకలా అనిపించదు. దొంగగా అతను నాసిరకం. నగల కోసం ఒక గాయనిని చంపి, అవి దొరక్క ఉత్తచేతులతో పారిపోయినవాడు. ఏళ్ల తర్వాత అదే ఇంటికి తిరిగొచ్చి, రాత్రుళ్లు అటక మీద సామానంతా తవ్విపోసినవాడు. ఆ నగలు అక్కడే ఒక రంగస్థల దుస్తుల మీద, అందరికీ కనపడేలా, ఉత్త పూసల మధ్య కుట్టేసి ఉంటాయి. ఇంత మొద్దు మనిషి భార్యను పిచ్చి అంచు దాకా ఎలా తీసుకెళ్లగలిగాడు? అతని తెలివి కంటే, అతనికి తోడ్పడినవాళ్లను లెక్కపెట్టడం మేలు.

ఒక గది, ఒక రాత్రి

కథకు మూలం బ్రిటిష్ రచయిత పాట్రిక్ హామిల్టన్ 1938లో రాసిన నాటకం. హిచ్‌కాక్ తీసిన ‘రోప్’ సినిమాకు మూలమైన నాటకమూ ఈయనదే. నాటకంలో ఇటలీ లేదు, ప్రేమకథ లేదు. లండన్‌లో ఒక గది, ఒక సాయంత్రం, అంతే. అదే నాటకాన్ని ‘ఏంజెల్ స్ట్రీట్’ పేరుతో 1941లో న్యూయార్క్ బ్రాడ్వేలో వేస్తే 1,295 ప్రదర్శనలు నడిచింది. అంతకుముందే 1940లో థొరాల్డ్ డికిన్సన్ బ్రిటన్‌లో దాన్ని సినిమాగా తీశాడు. హక్కులు కొనుక్కున్న ఎమ్జీఎం తన సినిమాకు పోటీ ఉండకూడదని ఆ పాత సినిమాను జనం కంట పడకుండా చేయబోయింది. ప్రింట్లు నాశనం చేయించే ప్రయత్నమూ జరిగింది. భార్య జ్ఞాపకాలను చెరిపేసే మొగుడి కథ తీస్తూ, అంతకుముందు అలాంటి సినిమా అసలు లేనే లేదనిపించాలని చూసిందన్నమాట! అదృష్టం బాగుండి బ్రిటిష్ సినిమా బతికి బట్టకట్టింది. బిగువులో అదే మేలనే విమర్శకులూ ఉన్నారు. నా ఓటు మాత్రం బెర్గ్‌మన్‌కే.

ఎందుకంటే 1944 సినిమా పెళ్లికి ముందు నుంచి మొదలుపెడుతుంది. పౌలాను పెంచిన పిన్ని ఆలిస్ ఆల్క్విస్ట్ పేరున్న గాయని. థార్న్‌టన్ స్క్వేర్‌లోని సొంతింట్లోనే హత్యకు గురైంది. పౌలాను అక్కడి నుంచి ఇటలీకి, సంగీతం నేర్చుకోవడానికి పంపేశారు. అక్కడ పియానో వాయించే గ్రెగరీ పరిచయమవుతాడు. రెండు వారాల పరిచయానికే పెళ్లంటాడు. ఆలోచించుకోవాలి, ఒక వారం ఒంటరిగా కోమో సరస్సు దగ్గర ఉండి వస్తానని పౌలా రైలెక్కుతుంది. దిగాల్సిన స్టేషన్‌లో పెట్టె ఆగీ ఆగకముందే ఒక చెయ్యి వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంటుంది. అతనే!

మన సినిమాల్లో ఇలాంటి చోట పాట పడుతుంది. క్యూకర్ కూడా దాన్ని ప్రేమలాగే చూపిస్తాడు, మనమూ మురిసిపోతాం. అడిగిన వారం గడువు కూడా ఇవ్వని మనిషి ఇతను అన్న సంగతి రెండోసారి చూసినప్పుడే తగులుతుంది. బోయర్‌ను ఆ పాత్రకు తీసుకోవడం ఇక్కడే కలిసొచ్చింది. అప్పటికి అతను హాలీవుడ్‌లో ప్రేమికుడి వేషాలకు పెట్టింది పేరు. ఆ ఫ్రెంచి గొంతులో మామూలు మాట కూడా లాలనలా వినిపిస్తుంది.

తర్వాతి ఎత్తు ఇంకా నున్నగా పడుతుంది. లండన్‌లో చిన్న స్క్వేర్‌లో ఒక ఇల్లు ఉండాలని తనకు ఎప్పటి నుంచో కల అంటాడు. మా ఇల్లుంది కదా అని పౌలాయే అంటుంది. పిన్ని శవాన్ని చూసిన ఇంటికి, మళ్లీ గడప తొక్కకూడదనుకున్న ఇంటికి, తనంతట తానే అతన్ని తీసుకెళుతుంది. అతను అడగలేదు. రేపు ఎవరైనా అడిగితే, ఆవిడే రమ్మంది అని చెప్పుకోవచ్చు.

వంటావిడ, పనిపిల్ల

ఇంట్లోకి రాగానే పిన్ని సామానంతా అటక మీదికి చేరవేయించి, దాన్ని మూయించేస్తాడు. నీ మనసు బాగుండాలనే అంటాడు. పాత పాటల పుస్తకంలో సెర్జియస్ బవర్ అనే మనిషి రాసిన ఉత్తరం దొరికితే పౌలా చేతిలోంచి లాక్కుంటాడు. ఆ బవర్ అతనే, అసలు పేరు. తర్వాత ఎప్పుడో ఆమె ఆ ఉత్తరం ప్రస్తావన తెస్తే ఉత్తరమే లేదు, నీ చేతిలో ఏమీ లేదు, ఊరికే చేతుల వంక చూస్తూ నిలబడ్డావంటాడు.

గోడ మీది బొమ్మ మాయమైన సన్నివేశం సినిమాలో అన్నిటికంటే కర్కశమైనది. ఒక్క దెబ్బ పడదు. ఇద్దరూ సరదాగా ఉన్న సమయంలో గ్రెగరీ ముఖం మారిపోతుంది. బొమ్మ మళ్లీ ఏమైంది? నాకు తెలియదంటుంది పౌలా. అయితే పనివాళ్లలో ఎవరో ఒకరు తీసి ఉండాలి కదా అని వాళ్లను పిలుస్తాడు. వంటావిడ ఎలిజబెత్ చేత బైబిల్ మీద ప్రమాణం చేయిస్తాడు. పౌలా సిగ్గుతో చితికిపోతుంది. వాళ్లు వెళ్లాక, నువ్వే వెతుకు అంటాడు. ఆమె మెట్ల దగ్గర శిల్పం వెనక చూస్తే బొమ్మ దొరుకుతుంది. చూశావా, ఎక్కడుందో నీకు ముందే తెలుసు అంటాడు. అంతకుముందు రెండుసార్లు అక్కడే దొరికింది కాబట్టి చూశానని ఆమె చెప్పే కారణం నూటికి నూరుపాళ్లు సబబే. వినేవాళ్లు లేరు.

ఆ తతంగమంతా పనివాళ్ల ఎదుట జరగడమే గ్రెగరీకి కావాలి. అమ్మగారికి ఒంట్లో బాగుండదు, ఆవిణ్ని ఇబ్బంది పెట్టకండి, ఏదున్నా నన్నడగండి అని ముందే చెప్పి పెట్టాడు. ఎలిజబెత్‌కు చెవుడు. అటక మీది అడుగుల చప్పుడు ఆమెకు వినబడదు. పనిపిల్ల నాన్సీకి యజమానురాలంటే లెక్కలేదు, అయ్యగారి చూపు తన మీద ఉందన్న గీర వేరే. నాన్సీగా వేసిన ఆంజెలా లాన్స్‌బరీకి అది మొదటి సినిమా. లాస్ ఏంజెలిస్‌లో ఒక పెద్ద దుకాణంలో పనిచేస్తున్న ఆమెను తీసుకునేనాటికి వయసు 17. ఆ ఒక్క వేషానికే ఆస్కార్ నామినేషన్ వచ్చింది. తలుపు తీయడంలో, టీ తెచ్చి పెట్టడంలో అంత పొగరు చూపించొచ్చని ఆ పిల్లను చూశాకే తెలుస్తుంది.

ఒక్కసారి, ఒకే ఒక్కసారి పౌలా ఎదురు తిరుగుతుంది. డాల్‌రాయ్ దొరసాని ఇంట్లో సంగీత కచేరీకి నువ్వు రాకపోతే నేనే వెళతానని ముస్తాబై బయల్దేరుతుంది. గ్రెగరీ కాదనడు, తోడు వస్తాడు. కచేరీ మధ్యలో చెవి దగ్గర వంగి, నా గడియారం కనపడటం లేదంటాడు. ఆమె సంచిలోంచి తీస్తాడు. పౌలా నలుగురిలో వెక్కి వెక్కి ఏడుస్తుంది. ఆ రోజు నుంచి ఊళ్లో పెద్దమనుషులంతా సాక్షులే. పాపం, అంత మంచి మొగుడికి ఎలాంటి పెళ్లాం దొరికింది అనుకోవడానికి అంతకంటే ఏం కావాలి?

ఇక దీపం సంగతి. ఆ కాలంలో ఇంటి దీపాలన్నీ గొట్టాల్లో వచ్చే గ్యాస్‌తో వెలిగేవి. ఒకచోట కొత్తగా దీపం వెలిగిస్తే మిగతావాటికి అందే గ్యాస్ తగ్గి మసకబారేవి. మోటారు వేస్తే బల్బు కునికినట్టు. గ్రెగరీ రోజూ సాయంత్రం పని ఉందని బయటికి పోయి, పక్కనున్న ఖాళీ ఇంటి పైకప్పు మీదుగా తన ఇంటి అటక మీదికే దిగి దీపం వెలిగిస్తాడు. కింద పౌలా గదిలో వెలుగు తగ్గుతుంది. కాసేపటికి పైన అడుగులు. ఇంట్లో ఎవరూ కొత్త దీపం ముట్టించలేదంటారు. అడుగులు ఎవరికీ వినబడలేదంటారు. గమ్మత్తేమిటంటే దీపం మసకబారేలా చేయాలని గ్రెగరీ ఎప్పుడూ అనుకోలేదు. అది అతని దొంగతనానికి పుట్టిన పొరపాటు. అతను ఏర్పాటు చేయని ఆ ఒక్కటే చివరికి అతన్ని పట్టిస్తుంది.

స్కాట్లాండ్ యార్డ్ అధికారి బ్రయన్ కామెరాన్ ఒక రాత్రి గ్రెగరీ లేని సమయంలో వచ్చి పౌలా ఎదుట కూర్చుంటాడు. మాట్లాడుతుండగా వెలుగు తగ్గుతుంది. అతను తలెత్తి చూస్తాడు. అతనికీ కనపడిందని తెలిసిన క్షణాన బెర్గ్‌మన్ ముఖం చూడాలి. ఉత్తమ నటిగా ఆమెకు వచ్చిన మొదటి ఆస్కార్ ఈ సినిమాకే. నేనైతే ఆ ఒక్క షాట్‌కే ఇచ్చి ఉండేవాణ్ని. అతను నగల జాడ చెప్పలేదు, హంతకుడెవరో ఇంకా తేల్చలేదు. నాకూ కనపడింది అన్నాడు, అంతే.

ఎలిజబెత్ అబద్ధం

ఈ సినిమా గురించి రాసేవాళ్లు సాధారణంగా ఇక్కడితో ఆగి క్లైమాక్స్‌కు దూకుతారు. మధ్యలో ఒక చిన్న ఘట్టం ఉంది. గ్రెగరీ తిరిగొచ్చి, ఇంటికి ఎవరో మగమనిషి వచ్చాడని పసిగడతాడు. పౌలా నిజం చెబుతుంది. అతను నమ్మడు, ఎలిజబెత్‌ను పిలిచి అడుగుతాడు. వంటావిడ మంచిది. అమ్మగారు చిక్కుల్లో పడకూడదని, ఎవరూ రాలేదు బాబూ, నేనెవర్నీ చూడలేదంటుంది. పౌలాను కాపాడాలనే ఆ మాట అంది. కానీ అదే మాట పౌలాను కూల్చేస్తుంది. అయితే ఆ మనిషి వచ్చింది కూడా నా భ్రమేనన్నమాట అనుకుంటుంది. గ్రెగరీ నెలల తరబడి చేయలేనిది ఎలిజబెత్ మంచితనం అర నిమిషంలో చేసింది.

ఈ ఎలిజబెత్‌లు మన ఇళ్లలో ఎంతమంది! “ఏం లేదులెండి అల్లుడుగారూ, దానికి చిన్నప్పట్నుంచీ ఊహలెక్కువ” అనే తల్లి. “అన్నయ్య అలాంటివాడు కాదు వదినా, నువ్వే ఏదో అనుకుని ఉంటావు” అనే ఆడపడుచు. “మా అబ్బాయి నోరు కాస్త పెద్దదే గానీ మనసు వెన్న, సర్దుకుపోవాలమ్మా” అనే అత్తగారు. “ఆలుమగల మధ్య మనమెందుకు” అని టీవీ సౌండు పెంచే పక్కింటాయన. వీళ్లలో ఎవరూ దుర్మార్గులు కారు. అందరూ కాపురం నిలబడాలనే చూస్తారు.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో (ఎన్ఎఫ్‌హెచ్ఎస్–5) ఒక ప్రశ్న ఉంది. చెప్పకుండా బయటికి వెళ్లడం, ఇంటిని, పిల్లలను పట్టించుకోకపోవడం, ఎదురు మాట్లాడటం, పడకకు కాదనడం, వంట సరిగా చేయకపోవడం, భర్తకు అనుమానం రావడం, అత్తమామలను గౌరవించకపోవడం. ఈ ఏడింటిలో ఏ ఒక్కదానికైనా భర్త భార్యను కొట్టడం సబబేనా అని. సబబేనన్న ఆడవాళ్లు తెలంగాణలో 83.8 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 83.6 శాతం. దేశంలో మొదటి రెండు స్థానాలూ మనవే. హిమాచల్ ప్రదేశ్‌లో 14.8 శాతమే. చదువులో, ఉద్యోగాల్లో, స్వయం సహాయక సంఘాల్లో ఎంతో ముందున్నామనుకునే చోట ఈ అంకె ఎందుకొచ్చింది? తప్పు ఎవరిదని అడిగిన ప్రతిసారీ ‘నాదే’ అనే జవాబు చెబితే ఇంట్లో గొడవ సద్దుమణుగుతుందని నేర్చుకున్నవాళ్లు, సర్వే ఆవిడ అడిగినప్పుడు మాత్రం వేరే జవాబు చెబుతారా? పౌలా కూడా ప్రతిసారీ అలాగే తలూపింది. నేనే ఎక్కడో పెట్టి మర్చిపోయి ఉంటాను అంటూ.

అన్నంలో రాయి

ఆ ఏడు కారణాల్లో ‘వంట సరిగా చేయకపోవడం’ చదివినప్పుడు జస్మీత్ కె. రీన్ తీసిన హిందీ సినిమా ‘డార్లింగ్స్’ గుర్తొస్తుంది. 2022 ఆగస్టులో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. ముంబై బైకుల్లాలో ఒక చాల్. భర్త హంజా రైల్వేలో టీసీ. ఆఫీసులో పైఅధికారి అతని చేత మరుగుదొడ్లు కడిగిస్తాడు. ఇంటికొచ్చి ఆ అవమానమంతా భార్య బద్రు మీద తీర్చుకుంటాడు. అన్నంలో పంటికింద రాయి తగిలితే దాన్ని ఆమె అరచేతిలోకే ఉమ్ముతాడు. ఆ తర్వాత దెబ్బలు. తెల్లారేసరికి గారాలు, బుజ్జగింపులు. ప్రేమ లేకపోతే ఎందుకు కొడతానంటాడు. నీకు ప్రేమ లేకపోతే ఎందుకు పడతావని కూడా అంటాడు. బద్రుగా ఆలియా భట్. హంజాగా వేసింది మన హైదరాబాద్ కుర్రాడు విజయ్ వర్మ. ‘ఎం.సి.ఎ’లో నానికి ఎదురు నిలిచిన విలన్‌గా తెలుగువాళ్లకు తెలిసినవాడే. అందులో అరుపులు కేకలు ఉంటాయి. హంజాలో అతను భయపెట్టేది పొద్దున పూట, మంచం అంచున కూర్చుని చిన్నపిల్లాడిలా ముఖం పెట్టినప్పుడు.

ఇక్కడా ఒక మూడో మనిషి ఉంటాడు. వాళ్లింటికి వస్తూ పోతూ ఉండే జుల్ఫీ. పోలీసులకు ఫిర్యాదు చేసింది అతనే. హంజాను స్టేషన్‌కు తీసుకుపోతారు. కేసు నిలబడాలంటే బద్రు నోరు విప్పాలి. హంజా మందు మానేస్తానంటాడు, మనకో బిడ్డ పుడుతుందంటాడు. తల్లి శంషు వద్దు వద్దంటున్నా బద్రు వెనక్కి తగ్గుతుంది. అతను నిజంగానే మందు మానేస్తాడు! ఆ తర్వాత ఒళ్లు తెలిసి, తాగకుండానే, కడుపుతో ఉన్న బద్రును మెట్ల మీది నుంచి తోసేస్తాడు. ఫిర్యాదు జుల్ఫీ చేశాడని తెలిసి, ఇద్దరికీ ఏదో ఉందన్న అనుమానంతో. ‘మందు వల్లేనమ్మా, లేకపోతే దేవుడు’ అనే మన ఊళ్ల వాదాన్ని ఆ ఒక్క సన్నివేశం నేలకు కొట్టేస్తుంది. తర్వాత భర్తను కుర్చీకి కట్టేసి బద్రు తీర్చుకునే పగ, నల్ల హాస్యం నాకు అంత ఎక్కలేదు. మొదటి సగంలో ఉన్న నిజం రెండో సగంలో ఆటగా పలచబడిపోయింది. ఆ తల్లి శంషుగా షెఫాలీ షా మాత్రం చివరిదాకా నిలబెడుతుంది. కూతుర్ని సర్దుకుపొమ్మనని తల్లిని మన తెరమీద చూడటమే అరుదు.

కుర్చీకి కట్టేసిన భర్త ‘గ్యాస్‌లైట్’ చివరా ఉంటాడు. కత్తి తెచ్చి తాళ్లు కొయ్యమని గ్రెగరీ బతిమాలతాడు. పౌలా కత్తి తీస్తుంది. ఇది కత్తేనా, నా చేతిలో ఏమైనా ఉందా, నేను వస్తువులు పారేసుకుంటాను కదా, పిచ్చిదాన్ని కదా, పిచ్చిది మొగుడికి ఎలా సాయం చేస్తుంది అని అతని మాటలన్నీ అతనికే వరసగా అప్పజెబుతుంది.

పిచ్చి అనే ముద్ర

గ్రెగరీ చివరి ఎత్తు భార్యను పిచ్చిదని తేల్చి ఆసుపత్రికి పంపించడం. అప్పుడు ఇల్లంతా అతనిది, అటక కూడా. మన దగ్గర ఆ ముద్రకు వేరే వాడకం ఉంది. హిందూ వివాహ చట్టం 13వ సెక్షన్‌లో మతిస్థిమితం లేకపోవడం విడాకులకు ఒక కారణం. భార్యకు స్కిజోఫ్రెనియా ఉందంటూ ఒక భర్త వేసిన కేసులో 1988లో సుప్రీంకోర్టు, జబ్బు పేరు చెప్పినంత మాత్రాన సరిపోదని, కలిసి బతకడం కుదరనంత తీవ్రత ఉందని రుజువు కావాలని చెప్పింది. కోర్టు దాకా వస్తే అలా. అల్లుడుగారు పుట్టింటికి ఫోన్ చేసి “మీ అమ్మాయికి ఎక్కడైనా చూపించండి” అంటే రుజువు అడిగేవాళ్లు ఎవరూ ఉండరు.

దెబ్బలు కనపడని క్రూరత్వం చట్టానికి కొత్తేమీ కాదు. 1983లో చేర్చిన 498ఎ సెక్షన్ శారీరక ఆరోగ్యంతో పాటు మానసిక ఆరోగ్యానికి కలిగే తీవ్ర హానినీ చెప్పింది. ఇప్పుడది భారతీయ న్యాయ సంహితలో 85, 86 సెక్షన్లు. 2005 గృహహింస చట్టం ఇంకా ముందుకు వెళ్లి మాటలతో, అవమానాలతో చేసే హింసను, డబ్బు అందకుండా చేసే హింసను విడివిడిగా పేర్కొంది. ఇంగ్లండ్, వేల్స్‌లో 2015 చట్టం భాగస్వామిని అదుపులో పెట్టుకుని నలిపేసే ప్రవర్తననే నేరంగా చేసి, అయిదేళ్ల దాకా జైలు పెట్టింది. రుజువు దగ్గరే అందరూ తడబడతారు. మాయమైన బ్రోచికి ఎఫ్ఐఆర్‌లో ఏమని రాస్తారు? ఎవరి సాక్ష్యం తీసుకుంటారు?

మన గృహహింస చట్టంలో అంతగా ప్రచారంలోకి రాని సెక్షన్ 4 ఉంది. హింస జరుగుతోందని గానీ, జరగబోతోందని గానీ నమ్మడానికి కారణం ఉన్న ఎవరైనా ప్రొటెక్షన్ ఆఫీసర్‌కు సమాచారం ఇవ్వొచ్చు. బాధితురాలే రావాలని లేదు, బంధువై ఉండాలని లేదు. మంచి ఉద్దేశంతో ఇచ్చిన సమాచారానికి ఆ మనిషి మీద సివిల్ కేసు గానీ క్రిమినల్ కేసు గానీ పెట్టడానికి వీల్లేదని అదే సెక్షన్ చెబుతోంది. పక్క వాటాలో అద్దెకున్నవాళ్లు, పాలు పోసే ఆవిడ, వంటమనిషి, ఎవరైనా సరే. మహిళా హెల్ప్‌లైన్ నంబరు 181.